ఎక్కువ వచ్చిన పది కిలోమీటర్లు

సాత్విక్ లెక్కలో తప్పు దొరకలేదు. నాకు నచ్చనిది అదే.

"బండ మీదనే ఉన్నది సార్, చూడుండ్రి," అన్నాడు.

గురువారం ఉదయం పది ఇరవై. వికారాబాద్ పోలీసు స్టేషన్ వెనక ఆవరణలో, నిన్న పట్టుబడ్డ డ్రైవర్ చంద్రకాంత్ పికప్ నిలబెట్టి ఉంది. పక్కన గోడకు ఆనించి ఒక తాండూరు బండ. దాని అంచు మీద పసుపు మైనపు కడ్డీతో రాసిన రెండు అంకెలు. పైన 48,212. కింద 48,262.

తాండూరు గనుల దగ్గర కాగితం చీటీ నిలవదు. రాతిపొడి కలిసిన నీళ్ళకు పది నిమిషాల్లో నానిపోతుంది. అందుకని బండి కదిలే ముందు, పైన పేర్చిన ఆఖరి బండ అంచు మీద మీటర్ రీడింగ్ రాస్తారు. దించుకునేవాడు తాడు విప్పక ముందే దాని కింద తన రీడింగ్ రాస్తాడు. ఈ అంకెలు చదవడం సాత్విక్‌కు నేర్పింది నేనే. ఏడేళ్ళ క్రితం, అతను కొత్త ఎస్సైగా శిక్షణకు వచ్చినప్పుడు.

"మంగళవారం ఒకటీ పదికి తాండూరు కాటా మీది నుంచి బండి కదిలింది. రెండూ ముప్పై అయిదుకు ఇక్కడి యార్డుల దిగింది. రోడ్డు నలభై కిలోమీటర్లు, నేనే జీపుల పోయి కొలిచిన. మీటర్ల మాత్రం యాభై. ఆ పది ఎక్కడికెల్లి వచ్చింది సార్?"

"నువ్వే చెప్పు."

"మెకానిక్ శ్రీహరి షెడ్డు కాటాకు అయిదు కిలోమీటర్లు. ఇటు కాదు, అటు దిక్కు. పోను అయిదు, రాను అయిదు. ఒకటీ పదిహేనుకు శ్రీహరి ఎదురు హోటల్ల చాయ్ తీసుకున్నడు. ఒకటీ యాభైకి తల పగిలి చచ్చి పడి ఉన్నడు. గా నడుమనే చంద్రకాంత్ వెనక్కి మళ్ళిండు."

అతని గొంతులో గర్వం లేదు. ఉంటే నాకు సుఖంగా ఉండేది. రెండేళ్ళ క్రితం నేను ఉద్యోగం వదిలేసి ప్రైవేటు విచారణలు మొదలుపెట్టాను. అప్పటి నుంచి జిల్లాలో ఏ కేసు తేలినా అతని పేరే వింటున్నాను. విన్న ప్రతిసారీ "మా శిష్యుడే" అంటాను. ఆ మాట అనేటప్పుడు నా నోటికి ఒక నవ్వు వస్తుంది. అది నాకు రాదు, నోటికే వస్తుంది.

"నాలుగింటికి చంద్రకాంత్‌ను మేజిస్ట్రేటు ముందట పెడ్త. మీరు గాబట్టి పదిహేను నిమిషాలు మాట్లాడుకోండ్రి," అన్నాడు. ఆ మర్యాద కూడా గుచ్చుకుంది.

గదిలో చంద్రకాంత్ చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. గోళ్ళలో ఇంకా రాతిపొడి.

"సోమవారం శ్రీహరి కాలర్ పట్టినవట?"

"పట్టిన. కొట్టలె."

"ఎందుకు పట్టినవు?"

"ఆయిల్ సీల్ లీకైతుందని పొద్దుగాల బండి ఆని షెడ్ల ఇడిచిన. సాయంత్రం తెచ్చుకుందామని పోతే, మా ఇంటామె షెడ్ల కెల్లి బయటికొస్తుంది. షట్టర్ సగం దించి ఉంది సార్." అతను గోడ వైపు చూశాడు. "అంతకు ముందు గూడ రెండు మార్లు పోయిందంట. బొంరాస్‌పేటల తల్లిగారింటికి అని నాకు చెప్పి, ఆడికి పోయింది."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎదురుంగ షెడ్డు చెన్నయ్య మిస్త్రీ. పెద్దమనిషి, ఊకె చెప్పడు. ఆమెనడిగితే ఏం లేదన్నది. ఆన్నడిగినా ఏం లేదన్నడు. ఇద్దరూ ఒక్క తీరే చెప్పిండ్రు. గదే నన్ను తిన్నది సార్."

అతని మాట నాకు అర్థమైంది. అబద్ధాలు వేర్వేరుగా ఉంటే మనిషి తట్టుకుంటాడు. రెండు నోళ్ళలో ఒకే మాట వినపడితే, తాను లేని గది ఒకటి ఉందని తెలుస్తుంది.

"మంగళవారం బండి ఎట్ల నడిచింది?"

"ఏమో సార్. ఆ దినం నేను బండి మాట ఇనలె. నా తలకాయల వేరే మాటలు నడుస్తున్నయి."

"గుర్తు తెచ్చుకో."

"ఇంజను మస్తు మొత్తుకున్నది. మీటర్ల అరవై చూపెడుతుంది, పాల ఆటోవోడు నవ్వుకుంట నన్ను దాటిపోయిండు. నా కోపానికే గిట్ల అయితుందేమో అనుకున్న."

"అనంతగిరి ఘాట్ల?"

అతను మొదటిసారి తలెత్తాడు. "గదే సార్ చిత్రం. రాయి ఎత్తిన దినం ఘాట్ల ఎప్పుడూ మొదటి గేర్ల ఏడుస్తది. రెండు క్లచ్‌ప్లేట్లు కాలినయి. ఒకపారి వెనక్కి జారి, గుట్టకు తగిలి ఆగింది. మంగళవారం రెండో గేర్ల పులి లెక్క ఎక్కింది."

నేను లేచాను. పదిహేను నిమిషాల్లో ఇంకా ఆరు మిగిలాయి.

మా నాయన రాయి లారీ నడిపేవాడు. ఇరుసు విప్పకుండా లోపల ఏముందో తెలుసుకునే పద్ధతి ఆయనది. పికప్ ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టించాను. గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేకు తీశాను. వెనక ఎడమ చక్రం ఒక్కటే జాకీ మీద లేపాను. టైరు మీద ఒక సుద్దగీత, కింద తిరిగే షాఫ్టు మీద ఒక సుద్దగీత. ఇంజను శక్తిని వెనక ఇరుసుకు మోసేది ఆ షాఫ్టే. దాని చివర పినియన్ అనే చిన్న పళ్ళ చక్రం ఉంటుంది. అది క్రౌన్ అనే పెద్ద పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది. ఒక చక్రం నేల మీద ఉన్నప్పుడు, లేపిన చక్రాన్ని రెండు పూర్తి చుట్లు తిప్పితే షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో అదే ఆ ఇరుసు లెక్క.

"ఏంది సార్, బండి కింద దూరిండ్రు?" సాత్విక్ బూట్లు నా తల పక్కన ఆగాయి.

"చక్రం తిప్పు. మెల్లగ. రెండు చుట్లు."

అతను చొక్కా చేతులు మడిచి తిప్పాడు. నేను షాఫ్టు మీది గీతను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. టైరు గీత ఇంకా రెండో చుట్టు పూర్తి చేయలేదు. ఐదు. ఇంకొంచెం.

"ఈ బండిల ఏ పినియన్-క్రౌన్ సెట్టు ఉందని కాగితాల్ల రాసిండ్రు?"

"చంద్రకాంత్ చెప్పిందే రాసినం. తొమ్మిది పళ్ళ పినియన్, ముప్పై ఏడు పళ్ళ క్రౌన్. మూడేండ్ల సంది గదే అన్నడు."

"అది ఉంటే షాఫ్టు నాలుగు చుట్లు దాటి కొంచెమే తిరగాలె. ఐదు దాటింది. లోపల ఉన్నది ఎనిమిది, నలభై ఒకటి. మీటర్ కేబుల్ ఎక్కడి నుంచి తిరుగుతది?"

"గేర్‌బాక్సు తోక నుంచి." అతను టైరు మీది సుద్దగీత వైపు చూశాడు. "అంటే చక్రం పోయిన దూరం మీటరుకు తెల్వదు. షాఫ్టు తిరిగిందే తెలుసు. నాలుగు తిరగాల్సిన చోట ఐదు. నలభైకి యాభై."

నేను చెప్పవలసిన వాక్యం అది. దానికోసమే నడుం నొప్పితో బండి కింద దూరాను. అతను నిలబడే చెప్పేశాడు.

"నువ్వు పదిని కలిపినవు సాత్విక్. అది కలిపేది కాదు, గుణించేది," అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను, కానిస్టేబుళ్ళు వినాలని.

అతని చెవులు ఎర్రబడ్డాయి. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి అరనిమిషం కూడా నిలవలేదు.

"సరే సార్. మరి ఎప్పుడు మార్చిండ్రు? బండి బుధవారం దాక చంద్రకాంత్ చేతులనే ఉండె. చంపినంక, లెక్క కుదరాలని ఆయనే మార్పించిండేమో. సోమవారమే మారిందని ఎవరు చెప్తరు? చెప్పాల్సిన శ్రీహరి చచ్చిండు."

"నేను చెప్త."

బిందు గొంతు. గేటు దగ్గర ఎప్పటి నుంచి నిలబడి ఉందో తెలియదు. భర్తను విడిపించమని నిన్న సాయంత్రం నా దగ్గరకు వచ్చింది ఆమే. అప్పుడు ఈ సంగతి నాకూ చెప్పలేదు.

"క్రౌన్ మార్చమన్నది నేనే అన్నా. బండి ఘాట్ల వెనక్కి జారిన దినం నేను పక్క సీట్ల ఉన్న. లోయ అద్దంల కనబడ్డది. మారుద్దాం అంటే ఈయన వినడాయె. చిన్న పినియన్ ఏస్తే బండి నత్త లెక్క నడుస్తదంట, స్టాండుల అందరు నవ్వుతరంట. ముందుగాల చెన్నయ్య మామనే అడిగిన. నేనేసిన సెట్టుకు వంక పెడ్తవా అని కోపం చేసిండు. అందుకే శ్రీహరన్న దగ్గరికి పోయిన. ఆయిల్ సీల్ పేరు పెట్టి, షట్టర్ దించి ఏసిండు. చెల్లె, ఒక నెల నడిపినంక నేనే చెప్త, అప్పుడు తిట్టడు అన్నడు."

"ఆయన కాలర్ పట్టిన నాడు ఎందుకు చెప్పలె?"

"నమ్ముతడా? ఆ మొఖంల నమ్మకం ఏడున్నది అన్నా?" ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బతకాలని చేస్తే గిట్లయింది."

సాత్విక్ గొంతు తగ్గించాడు. "భార్య మాట ఒక్కటే కోర్టుల నిలవదు సార్. కని శ్రీహరి షెడ్డు మంగళవారం సంది మా సీలు కిందనే ఉంది. తీసిన పాత సెట్టు ఆడ ఉంటే, మార్పు హత్యకు ముందే అయినట్టు. రెండున్నరకు నా మీటింగు అయిపోతది. ఇద్దరం పోదాం. మీరొక్కరే పోకుండ్రి."

"అట్లనే," అన్నాను.

పన్నెండూ పావుకు నేను ఒక్కణ్ణే తాండూరు బయల్దేరాను.

దారిలో అతని పేరుతో ఫోను మూడుసార్లు మోగింది. నాలుగోసారి మోగకుండా శబ్దం తీసేసి చొక్కా జేబులో వేసుకున్నాను. చంద్రకాంత్‌ను విడిపించడానికే తొందరపడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అసూయ ఎప్పుడూ తన పేరుతో రాదు. ఎవరిదో మంచి పని చేతిలో పట్టుకుని వస్తుంది.

షెడ్డు కాపలా కానిస్టేబుల్ నా పాత మనిషి. ఐదు నిమిషాలు లోపలికి పోనిచ్చాడు. నేల మీద సుద్దతో గీసిన మనిషి ఆకారం. దానికి నాలుగు అడుగుల దూరంలో, బల్ల కింద, సోమవారం నాటి దినపత్రిక పరిచి ఉంది. దాని మీద ఒక క్రౌన్. నూనె కాగితంలోకి ఇంకి, చక్రం చుట్టూ నల్లటి వలయం కట్టింది. ముట్టకుండా పళ్ళు లెక్కపెట్టాను. ముప్పై ఏడు. అంచు మీద చెక్కిన జత నంబరు 614. దాని పక్కన ఉలితో కొట్టిన మూడు చుక్కలు, సెట్టు వేసిన మిస్త్రీ గుర్తు.

చంద్రకాంత్ బయటపడ్డాడు. అక్కడితో నేను ఆగవచ్చు.

కాని క్రౌన్ ఒంటరిగా ఉంది. క్రౌనూ పినియనూ ఒకదానితో ఒకటి అరగదీసి తయారుచేసిన జత. రెండింటి మీదా ఒకే నంబరు ఉంటుంది. ఒకదాన్ని ఇంకో దానితో కలిపితే ఇరుసు జన్మంతా ఏడుస్తుంది. అందుకే మిస్త్రీలు విప్పిన సెట్టును తీగతో కట్టే ఉంచుతారు. ఈ క్రౌనుకూ తీగ ఉంది. దాని రెండో ముడి ఖాళీగా సాగి ఉంది. పినియన్ లేదు. తలా తోకా కలిపి జానెడున్నర పొడుగు, చేతికి సరిగ్గా పట్టు దొరికే ఇనుము. ఉదయం స్టేషన్లో చూసిన డాక్టరు రిపోర్టు గుర్తొచ్చింది. గాయంలో వరసగా మూడు నొక్కులు. సాత్విక్ వాటిని స్పానర్‌వి అనుకున్నాడు, అవి పినియన్ పళ్ళవి.

బల్ల మీద రెండు కాగితపు కప్పులు. ఒకటి ఖాళీ. రెండోది నిండుగా ఉంది, చాయ్ మీద మీగడ ఎండి తోలులా ముడుచుకుంది. ముందురోజు తన కాలర్ పట్టినవాడికి ఎవడూ చాయ్ తెప్పించడు. గౌరవించే మనిషికి తెప్పిస్తాడు.

కానిస్టేబుల్ తాళం వేసి అన్నానికి పోయాడు. నేను రోడ్డు దాటాను.

చెన్నయ్య మిస్త్రీకి అరవై దాటాయి. గుండ్రటి కళ్ళద్దాలు, కిరసనాయిలు వాసన. పక్క యూనిట్లో బండలు పాలిష్ చేసే మిషన్ మోతకు ఇక్కడి మాట రోడ్డు మీదికి వినపడదు.

"రాండ్రి సారూ, కూసోండ్రి. పాపం శ్రీహరిగాడు."

"మీ దగ్గరే పని నేర్చుకున్నడట?"

"పదకొండేండ్లు. స్పానర్ పట్టుడు నేనే నేర్పిన. మంచి చెయ్యి. నాకంటే మంచిదంటరు జనం." నవ్వాడు. "మంచిదే."

ఆ నవ్వు నాకు తెలుసు. అది నా నోటిది.

"మాట్లాడుకుంటుండెనా?"

"దసరాకే బందైనయి మాటలు. మంగళవారం ఆని ఫోను మోగుతనే ఉంది, ఎత్తుతలేడని తొంగిచూసిన. పడి ఉన్నడు. గడప దాటలె, ఒర్రి మందిని పిలిచిన అంతే."

"నాకో సలహా కావాలె మిస్త్రీ. చంద్రకాంత్ బండి లాంటి దానికి ఏ సెట్టు మంచిది?"

అతని వెన్ను నిటారైంది. ఎన్నాళ్ళుగానో ఎవరూ అడగని ప్రశ్న అడిగినట్టున్నాను.

"ఒకటే మాట సారూ. పినియన్‌కు పళ్ళు తక్కువుంటే బలం. ఎక్కువుంటే పరుగు. ఏం మోస్తవు, ఏ రోడ్డు మీద పోతవు, టైరు ఎంత పెద్దది, గీ మూడు చూసి ఎన్నుకోవాలె. చంద్రకాంత్ మూడేండ్ల కింద టమాట కొడుతుండె పట్నానికి. తేలిక సరుకు, సదును రోడ్డు. తొమ్మిది ఏసిన. డీజిల్ మిగిలిందని నా కాళ్ళు మొక్కిండు."

"నిరుటి నుంచి రాయి కొడుతున్నడు గదా. ఘాటు ఎక్కాలె."

"అయితే? డ్రైవరు చేతగాకపోతే ఇరుసుది తప్పా?" గొంతు పెరిగింది. "ఎనిమిది ఏసిండు, సరే, ఎక్కుతది. సదును మీద ఇంజను మొత్తుకోదా? మార్కింగు మంచిగనే వచ్చింది, కాదంటలేను, పంటికి సరిగ్గ నడుమ, బొట్టు పెట్టినట్టు. కని అంత మంచిగ ఎందుకేసిండు? ఎవలకు చూపెట్టనీకి?"

పక్క మిషన్ ఆగి, మళ్ళీ మొదలైంది.

పాత సెట్టు మారి ఎనిమిది పళ్ళది పడిందని ఈ ఉదయం దాకా శ్రీహరికీ బిందుకూ తప్ప ఎవరికీ తెలియదు. బండి యజమానికే తెలియదు. ఇక మార్కింగ్ సంగతి. ఇరుసు మూసే ముందు పళ్ళకు ఎర్రరంగు పూసి తిప్పి, అవి ఎక్కడ తాకుతున్నాయో చూస్తారు. మూసేశాక ఎవరికీ కనపడదు. శ్రీహరి మూసింది సోమవారం, షట్టర్ దించి.

"మార్కింగు మీరెట్ల చూసిండ్రు మిస్త్రీ?"

అతని చూపు గోడ అలమార మీదికి పోయి తిరిగొచ్చింది. నేనూ అటు చూశాను. నాలుగు వరసలు. ప్రతి క్రౌన్ కడుపులో దాని పినియన్, తీగతో కట్టి, పెళ్ళి ఫొటోలో జంటల్లా. పై వరస మూలన ఒంటరిగా ఒక పొట్లం. లేచి దించి విప్పాను. కిరసనాయిలుతో కడిగి, గ్రీజు పట్టించి, కాగితంలో పసిపిల్లను చుట్టినట్టు చుట్టిన పినియన్. తొమ్మిది పళ్ళు. మూడు ఉలి చుక్కలు. 614.

కాగ్నా వాగు ఎంతో దూరం లేదు. అందులో పడేసి ఉంటే ఎవరికీ దొరికేది కాదు.

"ఎందుకు పారేయలె?"

"మంచి పినియన్ సారూ." అతని గొంతు చిన్నబోయింది. "ఒక్క పంటికి గీత లేదు. నా చేతి సెట్టు అది. చెత్తల ఎట్ల ఏస్త?"

"శ్రీహరి పిలిచిండా?"

"రోడ్డు దాటి వచ్చి పిలిచిండు, కాకా జర రాయె అని. దసరా సంది అదే మొదటి మాట. చాయ్ తెప్పించిండు. ఫోన్ల మార్కింగు ఫొటో చూపెట్టిండు. మంచిగొచ్చిందా కాకా, నువ్వు చెప్తేనే నాకు నమ్మకం అన్నడు. చూసిన. నలభై ఏండ్లల్ల నాకు గసొంటి మార్కింగు రాలె. కింద జూస్తే, పేపర్ మీద నా సెట్టు. చెత్తకు పోయేటట్టు. తీగ విప్పి చేతికి తీసుకున్న. ఊకె చూద్దామనే తీసుకున్న సారూ."

శిష్యుడు మెప్పు కోసం పిలిచాడు. గురువుకు అందులో ఎగతాళి వినపడింది. ఈ ఉదయం "పదిహేను నిమిషాలు, మీరు గాబట్టి" అన్నప్పుడు నాకు ఏం వినపడిందో గుర్తొచ్చింది.

చెన్నయ్య నా చేతిలోంచి పినియన్ మెల్లగా తీసుకున్నాడు, వస్తువు సొంతదారు తీసుకున్నట్టు. నేను ఇచ్చేశాను. ఎందుకిచ్చానో ఇప్పటికీ చెప్పలేను. అతను రెండో చేత్తో తన వెనక ఉన్న షట్టర్ గొలుసు అందుకున్నాడు. వెలుగు నడుము దాకా దిగింది. మోకాళ్ళ దాకా. పాలిష్ మిషన్ ఆగలేదు.

"మీరొక్కరే వచ్చిండ్రు గదా సారూ," అన్నాడు.

ఒక్కణ్ణే. సాత్విక్‌కు తెలియకూడదనే ఒక్కణ్ణే వచ్చాను.

జేబులో ఫోను వణికింది. తెర చూసే వీలు లేదు. ఫోను ఎత్తడానికి గుడ్డ మీది నుంచే బొటనవేలుతో తెరను పక్కకు జరిపాను. వణుకు ఆగింది. ఫోను కలిసిందో, తెగిందో తెలియలేదు. అతను ఒక అడుగు ముందుకు వేశాడు. మిషన్ మోతను దాటేటట్టు, రెండేళ్ళుగా నా గొంతులో అడ్డంపడి ఉన్న పేరును అరిచాను.

"సాత్విక్! చెన్నయ్య షాపుల ఉన్న. నువ్వు చెప్పిందే నిజం, ఒక్కణ్ణే రావద్దుండె. రా!"